ఆచార్య రంగా గారి ఓట్లు

మన సర్వీసులో ఏటేటా పై అధికారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేవారు. మరి చట్టసభల సభ్యులకు రాసేదెవరు? వారి ప్రసంగాలు పక్కనబెట్టి, ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారో చూసి, వ్యక్తి స్వేచ్ఛకు ఇన్ని, ఆర్థిక స్వేచ్ఛకు ఇన్ని అని మార్కులు వేసే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. ఆ లెక్కన చూడదగిన తెలుగువారు ఆచార్య ఎన్.జి. రంగా గారు.

1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబాన పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. జమీందారీలపై రైతులను కూడగట్టారు, జైళ్లకు వెళ్లారు.

1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయాన్ని తీర్మానించగా, రైతు భూమి రైతుదేనంటూ బయటికి వచ్చి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. 1962లో ఆ పార్టీకి లోక్‌సభలో దక్కినవి 18 స్థానాలు. రంగా గారు చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి వెళ్లారు.

అసలు పరీక్ష 1964లో వచ్చింది. రైత్వారీ భూములను కూడా ఎస్టేటు నిర్వచనంలోకి తెచ్చి, 44 చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో చేర్చే 17వ సవరణ అది. జమీందారులతో పోరాడిన ఈయనే ఇప్పుడు సొంత సేద్యగాడి పక్షాన నిలిచి దానిని ఎదిరించారు. రాజ్యాంగ సవరణకు హాజరైనవారిలో మూడింట రెండు వంతులే కాదు, మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఓట్లు పడాలి. ఏప్రిల్‌లో ఆ సంఖ్య చాలక బిల్లు వీగిపోయింది. చిన్న పక్షం చేయలేని పనిని రానివారి ఖాళీ కుర్చీలు చేశాయన్నమాట! జూన్‌లో మళ్లీ పెట్టి నెగ్గించుకున్నారు.

1967లో శ్రీకాకుళం నుంచి గెలిచారు, 1971లో ఓడారు. పిమ్మట తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. ఎమర్జెన్సీ కాలంలో ఆయన సభలో లేరు కనుక ఆ గడి ఖాళీయే. కాంగ్రెస్‌లో చేరినందుకు మాత్రం మార్కులు తగ్గించేవారు ఉంటారు, నేనూ కొంత తగ్గిస్తాను.

1978లో 44వ సవరణ వచ్చేనాటికి రాజ్యసభలో ఉన్నారు. ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన హక్కును ఎమర్జెన్సీలోనూ నిలిపివేయరాదన్నది అదే బిల్లు, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించిందీ అదే బిల్లు. ఒకే ఓటు, ఒక గడిలో కూడిక, మరో గడిలో తీసివేత. ఏ అధికారి ఎలా లెక్క వేస్తాడు?

1980, 1984, 1989లలో గుంటూరు ఆయననే పంపింది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే పరిస్థితి, కనుక అప్పటి నుంచి పడిన ఓట్లు మనిషివో పార్టీవో విడదీయడం కష్టం. 1991 వరకు పార్లమెంటులో ఉండి, 1995 జూన్‌లో కన్నుమూశారు.