సర్ థామస్ బౌచ్ - టే నది వంతెన

స్కాట్లండులోని డండీ నగరం వద్ద, నేటి రైలు వంతెన ప్రక్కనే పాత స్తంభాల మొదళ్ళు నీటిపై వరుసగా కానవస్తాయి. అవి సర్ థామస్ బౌచ్ కట్టించిన వంతెన అవశేషాలు. మన విద్యార్థులలో ఇంజనీరింగు చదువగోరువారు పలువురున్నారు గనుక ఆయన జీవితమును ఇచట స్మరింపదలచాము.

బౌచ్ 1822లో ఇంగ్లండులోని కంబర్లండు ప్రాంతమున ఒక ఓడ కెప్టెనుకు కుమారుడుగా జన్మించారు. పిన్న వయస్సుననే రైలు మార్గాల పనిలో ప్రవేశించారు. 1850లో, ఫోర్త్ అఖాతమును దాటుటకు సరకుల పెట్టెలను పట్టాలపైనుండి నేరుగా ఓడలోకి ఎక్కించు ఏర్పాటు గావించి పేరుగాంచారు. తక్కువ ఖర్చుతో మార్గములు వేయగలడన్న కీర్తి ఆయనకు దక్కింది. ఆ కీర్తియే తరువాత ఆయనకు చేటు తెచ్చిందని మాకు తోస్తుంది.

టే వంతెన పని 1871లో ఆరంభమైంది. నదీగర్భమున రాతి పొర దగ్గరలోనే ఉన్నదని తొలుత తలచారు. అది చాలా లోతున ఉన్నదని పని సాగినకొద్దీ తెలియవచ్చింది. బరువు తగ్గించుటకై ఇటుక స్తంభములకు బదులు పోత ఇనుప స్తంభములు నిలిపారు. 85 ఖానాలతో, సుమారు రెండు మైళ్ళ పొడవున, నాటి ప్రపంచములోకెల్ల పొడవైన ఆ వంతెన 1878 జూన్ 1న ప్రయాణికులకు తెరువబడింది. మరుసటి ఏట విక్టోరియా రాణి దానిమీదుగా ప్రయాణించి బౌచ్‌కు సర్ బిరుదమిచ్చారు.

ఆ ఏడాదే డిసెంబరు 28, ఆదివారం రాత్రి, పెనుగాలిలో నడిమి 13 ఖానాలు రైలుతో సహా నదిలో కూలాయి. రైలులోనివారు ఒక్కరైనను మిగలలేదు. మృతులు సుమారు 75 మంది అని నాడు అంచనా వేశారు.

విచారణలో వెల్లడైన సంగతులు మనసును కలచివేస్తాయి. గాలి వత్తిడికి ప్రత్యేకముగా లెక్కయే కట్టలేదు. ఫ్రాన్సు, అమెరికా ఇంజనీర్లు అప్పటికే చదరపు అడుగుకు 50 పౌన్లు, అంతకు మించి కూడ లెక్కించేవారు. పోతపనిలో ఏర్పడిన రంధ్రాలను మైనము, ఇనుప రజను కలిపిన ముద్దతో పూడ్చి పైకి నునుపు చేశారు. వంతెనను కనిపెట్టుకొని ఉండుటకు నియమితుడైన వ్యక్తి తాపీపని ఎరిగినవాడే గాని ఇనుపపని ఎరిగినవాడు కాడు. తప్పు అనేకులది; ప్రధాన బాధ్యత మాత్రం బౌచ్‌పై పడింది. రూపకర్త ఆయనే గనుక దానిని అన్యాయమనలేము.

గాలికి పెట్టెలు పట్టాలు తప్పి గర్డర్లను ఢీకొనుటవల్లనే వంతెన కూలినదని బౌచ్ తుదివరకు వాదించారు. ఫోర్త్‌పై ఆయన తలపెట్టిన వంతెన పనిని మానివేశారు. ఆరోగ్యము చెడి, 1880 అక్టోబరు 30న కన్నుమూశారు.

విలియం హెన్రీ బార్లో రూపొందించిన కొత్త వంతెన 1887లో తెరువబడింది. బౌచ్ వంతెనలో కూలకుండ మిగిలిన గర్డర్లను అనేకము దానియందు తిరిగి వాడారు. నదినుండి పైకి తీసిన ఇంజను కూడ మరమ్మతు పొంది 1919 వరకు నడిచింది.