రాట్నం కూలితో బతికి చూసిన వినోబా

వినోబా భావే పేరు చెప్పగానే తెలంగాణ పల్లెల్లో పెద్దలకు భూదానం గుర్తుకొస్తుంది. ఊరూరా నడిచి భూమి అడగడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆయన రోజూ నూలు వడికిన మనిషి అన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

వినోబా 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. చదువు మధ్యలో వదిలి 1916లో అహమ్మదాబాదులో గాంధీజీ ఆశ్రమానికి చేరుకున్నారు. వంట, పాకీపని, నేత అన్నీ అక్కడే నేర్చారు. 1921లో వార్ధా ఆశ్రమం బాధ్యత తీసుకున్నారు.

ఆనాడు ఖద్దరు కట్టినవారు ఎందరో ఉన్నారు. ఆ నూలు వడికే పేదరాలికి గిట్టే కూలి ఎంత అని లెక్క చూసినవారు తక్కువ. వినోబా ఆ లెక్కను తన ఒంటి మీదనే వేసుకున్నారు. 1930 దశకం మధ్యలో రోజుకు గంటల తరబడి వడికి, ఆ పనికి వచ్చే కూలితోనే తిండి గడుపుకోవడానికి పూనుకున్నారు. అంత ఆరితేరిన చేతికే కూలి చాలీచాలనిదయితే, ఇంటిపని ముగించుకుని రాట్నం ముందు కూర్చునే ఇల్లాలి గతి ఏమిటన్నది అసలు ప్రశ్న. వడికేవారికి బతుకు గడిచే కూలి ఇవ్వాలని అఖిల భారత చరఖా సంఘం 1935లో తీర్మానించింది. ఖద్దరు ధర పెరిగినా సరేనన్నది గాంధీజీ పట్టు.

వడకడం ఓపికతో కూడిన పని. పత్తిలో గింజ తీయాలి, దూదిని ఏకాలి, ఏకులు చుట్టాలి. ఆ తర్వాతే రాట్నం గాని తకిలీ గాని తిరిగేది. నాలుగడుగుల పోగులు 640 అయితే ఒక చిలప. పోగు తెగకుండా లాగాలంటే చేతితో పాటు మనసూ నిలవాలి. అందుకే వినోబా దాన్ని పనిగానే కాక ధ్యానంగానూ చూశారు. 1948లో గాంధీజీ మరణించిన తర్వాత, ఏటా ఫిబ్రవరి 12న ప్రతి ఒక్కరూ తాము వడికిన ఒక చిలప సమర్పించాలని పిలుపునిచ్చారు. దానికే సూతాంజలి అని పేరు.

1951లో వార్ధా దగ్గరి పౌనారు నుంచి సుమారు 300 మైళ్లు నడిచి హైదరాబాదు శివార్లలోని శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. ఏప్రిల్ 18న, నేతకు పేరుపడ్డ పోచంపల్లిలో, హరిజనులు 80 ఎకరాలు కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. ఆనాడు మొదలైన భూదాన యాత్ర పదమూడేళ్లు సాగింది. దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానం పలికింది. అందులో కొంత సాగుకు పనికిరానిది, కొంత పేదల చేతికి అందనే లేదు.

వినోబా 1982 నవంబరు 15న పౌనారులో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది.

సంగారెడ్డి జిల్లా చేలల్లో నేడు పత్తి విరివిగా పండుతోంది. తీతలు కాగానే అది జిన్నింగు మిల్లుకు వెళుతుంది, బట్ట మాత్రం అంగడి నుంచి వస్తుంది. పటాన్‌చెరు కార్ఖానాల కాలంలో ఊరంతా మళ్లీ రాట్నం పట్టడం జరిగే పని కాదు. అయినా ఒళ్లు వంచి చేసిన పనికి కడుపు నిండే కూలి దక్కుతోందా అని వినోబా వేసిన లెక్క, చేనులోనైనా కార్ఖానాలోనైనా, ఇప్పటికీ వేసుకోవలసిందే.