మెగ్గర్‌లో ఓమ్ గారు

మా గణపవరంలో చేపల చెరువు మోటార్ తడిస్తే బాబాయ్ ముందు ఫ్యూజులు పీకి, వైర్లు విప్పి, అప్పుడే 500 వోల్టుల మెగ్గర్ పెడతాడు. ఒక మెగోమ్ దాటకపోతే స్విచ్ వెయ్యనివ్వడు.

ఆ ఓమ్ ఎవరో పరీక్ష రాసినప్పుడు కూడా నాకు తెలీదు. జార్జ్ సైమన్ ఓమ్ 1789లో ఎర్లాంగెన్‌లో, తాళాలు చేసే ఆయన ఇంట్లో పుట్టాడు. లెక్కలు నాన్నే నేర్పాడు. కొలోన్‌లో పాఠాలు చెబుతూ తీగల్లో కరెంటు కొలిచాడు. బ్యాటరీ నిలకడగా లేదని థర్మోకపుల్ వాడాడు (భలే ఐడియా!). 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు, ఉద్యోగమూ వదిలేశాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది. మ్యూనిక్‌లో ప్రొఫెసర్ అయ్యేసరికి 1852. రెండేళ్లకే పోయాడు. యూనిట్‌కి ఆయన పేరు పెట్టింది ఆ తర్వాతే.

మొన్న మీటర్ నేనే పట్టుకున్నా. 0.3 చూపించింది. వైరు ముట్టుకోబోతే బాబాయ్ చెయ్యి లాగేశాడు. వైండింగ్‌లో మిగిలిన చార్జి ముందు ఎర్త్‌కి పోవాలట.