మద్రాసులో పుట్టాడు.. మంచు రేసులకు రూల్స్ రాశాడు! ఆల్ప్స్‌లో 'కాందహార్' పేరు వెనుక కథ ఇదీ

చలికాలంలో ఫోన్ తిప్పుతుంటే స్కీ రేస్ వీడియో ఒక్కటైనా కనిపిస్తుంది. తెల్లటి మంచు కొండ, కాళ్లకు పొడవాటి పలకలు, జెండా కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దూసుకొచ్చే ఆటగాళ్లు. జర్మనీలోని గార్మిష్‌లో వరల్డ్ కప్ రేసులు జరిగే ట్రాక్ పేరు వింటే మాత్రం మనోళ్లకు డౌట్ వస్తుంది. దాని పేరు కాందహార్! అఫ్ఘనిస్తాన్ ఊరి పేరు యూరప్ మంచులోకి ఎలా వెళ్లింది?

ఆ కథకు కారణమైన ఆర్నాల్డ్ లన్ 1888 ఏప్రిల్ 18న మద్రాసులో పుట్టారు. తండ్రి హెన్రీ లన్ మెథడిస్ట్ మిషనరీగా ఇండియాకు వచ్చారు. అప్పట్లో అనంతపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బళ్లారి నుంచి విడదీసి జిల్లా చేసి ఆరేళ్లు అయిందంతే. వానకే మొహం వాచిన కరువు సీమ, మంచు ఆటకు రూల్స్ రాసిన మనిషి పుట్టిన ఊరు.. రెండూ ఒకే ప్రెసిడెన్సీలో ఉండేవన్నమాట.

కుటుంబం కొద్దికాలానికే ఇంగ్లండ్ వెళ్లిపోయింది. హెన్రీ టూరిజం వ్యాపారం పెట్టి, ఇంగ్లిష్ వాళ్లను చలికాలంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లేవారు. అలా చిన్నప్పుడే ఆర్నాల్డ్‌కు స్కీయింగ్ పిచ్చి పట్టుకుంది.

1909లో అంతా తలకిందులైంది. వేల్స్‌లో కొండ ఎక్కుతూ లన్ కింద పడ్డారు. వయసు 21. కుడి కాలు నుజ్జునుజ్జయింది. కాలు నిలిచింది కానీ కొన్ని అంగుళాలు పొట్టిదైపోయింది, గాయం ఏళ్ల తరబడి మానలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కాలు వల్లే సైన్యంలోకి తీసుకోలేదు. అయినా అదే కాలితో 1924లో ఐగర్ శిఖరాన్ని స్కీలతో ఎక్కిన మొదటి బృందంలో ఆయన ఉన్నారు.

ఇక కాందహార్ సంగతి. 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు సేనలను నడిపించిన జనరల్ రాబర్ట్స్, తర్వాత మద్రాస్ ఆర్మీకి కమాండర్ ఇన్ చీఫ్‌గా కూడా చేశారు. 1911లో లన్ స్విట్జర్లాండ్‌లోని మోంటానాలో పెట్టిన రేసుకు కప్పు ఇచ్చింది ఈయనే. పోటీదారులు ముందురోజే కొండెక్కి, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే అందరూ ఒకేసారి కిందికి దూకారు. 1924లో ముర్రెన్‌లో స్కీ క్లబ్ పెట్టినప్పుడు లన్ ఆ కప్పు పేరే దానికి పెట్టారు.

అంతకు రెండేళ్ల ముందు, 1922 జనవరిలో, అదే ముర్రెన్‌లో స్లాలమ్‌ను మార్చేశారు. అప్పటిదాకా ఎవరు ఎంత అందంగా తిరిగారో చూసి మార్కులు వేసేవారు. లన్ జంట జెండాలు పాతించి, గడియారం పట్టుకున్నారు. గుత్తి కోట మీద నుంచి దారి పొడవునా రెండేసి కర్రలు పాతి, ప్రతి జంట మధ్య నుంచీ దిగిరమ్మంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.. అందం అక్కర్లేదు, ముందు ఎవరొస్తే వాళ్లే విన్నర్.

నార్వే వాళ్లకు ఇది నచ్చలేదు. మంచులో దూరం నడవడం, గాల్లోకి దూకడం.. వాళ్ల లెక్కలో స్కీయింగ్ అంటే ఆ రెండే. అంతర్జాతీయ సమాఖ్యను ఒప్పించడానికి 1930 దాకా పట్టింది. మరుసటి ఏడాదే ముర్రెన్‌లో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. మొదటి ఏడాది నుంచే మహిళలకూ రేసులు పెట్టారు. బ్రిటన్ అమ్మాయి ఎస్మే మెకిన్నన్ రెండు టైటిళ్లూ కొట్టేసింది.

1936లో ఈ ఆట ఒలింపిక్స్‌కు చేరింది. వేదిక హిట్లర్ జర్మనీలోని గార్మిష్. లన్ కొడుకు పీటర్ బ్రిటన్ స్కీ జట్టు కెప్టెన్. రేసులో పాల్గొన్నాడు కానీ నాజీలకు నిరసనగా ఆరంభ వేడుక కవాతుకు మాత్రం వెళ్లలేదు.

రెండేళ్లకు తండ్రికీ అలాంటి పరీక్షే వచ్చింది. ఆస్ట్రియా స్కీ గురువు హానెస్ ష్నైడర్‌తో కలిసి లన్ 1928లో సెయింట్ ఆంటన్‌లో ఆర్ల్‌బెర్గ్ కాందహార్ రేసు మొదలుపెట్టారు. అప్పట్లో ఆ సీజన్‌లో పేరున్న రేసుల్లో అదొకటి. 1938 మార్చిలో మళ్లీ అక్కడే జరగాలి. సరిగ్గా అప్పుడే హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాయి. నాజీలకు గిట్టని ష్నైడర్‌ను పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. ఆయన లేకుండా రేసు జరిపేయొచ్చు, కొండ ఉంది, మంచు ఉంది. లన్ మాత్రం రేసునే రద్దు చేసేశారు. స్లాలమ్ కనిపెట్టడం కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది. ష్నైడర్ తర్వాత విడుదలై 1939లో అమెరికా చేరుకున్నారు.

లన్‌కు 1952లో సర్ బిరుదు వచ్చింది. 1967లో వరల్డ్ కప్ మొదలైంది, కాందహార్ రేసులూ ఆ క్యాలెండర్‌లో చేరాయి. అదంతా చూశాకే 1974 జూన్ 2న లండన్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 86.