పరీక్ష పేపర్లో వాడుక తెలుగు కోసం పోరాడిన చరిత్ర మాస్టారు

ఆనందపురం జంక్షన్‌లో పొద్దున్నే పూల గంపల మధ్య బస్సు కోసం నిలబడ్డ డిగ్రీ, ఇంజినీరింగ్ కుర్రాళ్లను కదిపి చూడండి. చదివిన సబ్జెక్టు గురించి గుక్క తిప్పుకోకుండా పది నిమిషాలు చెబుతారు. అదే విషయం ఒక పేజీలో రాయమంటే మాత్రం పెన్ను కదలదు. ప్రాజెక్టు రిపోర్టు కావచ్చు, డిస్క్రిప్టివ్ పేపరు కావచ్చు, ఉద్యోగానికి పంపే ఈమెయిలు కావచ్చు. తెలిసిన సంగతే, కాగితం మీదకు రాదు.

ఈ ఇబ్బంది కొత్తదేం కాదు. నూరేళ్లకు ముందే, ఇక్కణ్నుంచి శ్రీకాకుళం దాటి వెళ్తే వచ్చే పర్లాకిమిడిలో, ఒక మాస్టారు దీని మీద జీవితంలో సగం ఖర్చు పెట్టారు. ఆయన తెలుగు పండితుడి ఉద్యోగం చేసినవారు కాదు. చరిత్ర పాఠం చెప్పేవారు. పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజు అనే.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ మీద వెళ్లి, అక్కడే 1875లో జ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. బంధువుల అండతో విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చదువు సాగింది. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరిపోయారు. ఇల్లు నడవాలి కదా. ఎఫ్.ఏ., బి.ఏ. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా కట్టి పాసైనవే. స్కూలు కాలేజీ అయ్యాక పై తరగతులకూ పాఠాలు చెప్పారు.

ఆయన చేసిన మొదటి పెద్ద పని తెలుగు గురించి కాదు, సవర భాష గురించి. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరలకు లిపి లేదు, పుస్తకాల్లేవు. రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి సవర నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్ల జీతాలు కూడా తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1913లో రావు బహదూర్ బిరుదు ఇచ్చింది ఈ పనికే. కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైన్ వాడి వాడి చెవుడు వచ్చింది. ఆ తర్వాత సభల్లో వాదించిందంతా ఆ చెవులతోనే.

సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పొచ్చని తేలాక, మరి తెలుగు పిల్లల సంగతేమిటనే ప్రశ్న రావాలి. దాన్ని ముందు అడిగింది ఒక తెల్లదొర. జె.ఎ. యేట్స్ 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. క్లాసులో టీచరు మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లవాడి నోట్సులో తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగారు. దీనికి జవాబు చెప్పగలవాళ్లు గిడుగు, గురజాడ అని అయ్యంగార్ చూపించారు. అలా పర్లాకిమిడి, విజయనగరం, విశాఖపట్నం ఒక జట్టయ్యాయి.

సమస్య ఎంత లోతైనదో ఇప్పుడు ఊహించడం కష్టం. కుర్రాడు నోటితో అశోకుడు యుద్ధం మానేశాడు అంటాడు. పరీక్షలో మాత్రం అశోకుఁడు యుద్ధమును మానెను అని రాయాలి. చేస్తున్నాడు తప్పు, చేయుచున్నాఁడు ఒప్పు. అరసున్న పోతే తప్పు, బండి ర పడాల్సిన చోట మామూలు ర పడితే తప్పు. చదివింది చరిత్ర అయినా, సైన్సు అయినా, తెలుగులో రాయాలంటే ముందు దాన్ని మనసులో ఇంకో తెలుగులోకి మార్చుకోవాలి. సగం తెలివి అక్కడే ఖర్చయిపోతుంది. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ వ్యాసం అప్పటి స్కూలు పరీక్షలో పెడితే పాసయ్యేది కాదు.

గిడుగు వారు ఆవేశంతో ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు. నాలుగైదేళ్లు పాత గ్రంథాలు, శాసనాలు తవ్వారు. ముఖలింగం గుడి శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్న మనిషికి అది అలవాటే. తర్వాత ఆయన వేసిన ‘గద్యచింతామణి’లో వేర్వేరు కాలాల తెలుగు వచనం నమూనాలు ఏర్చి కూర్చారు. పాతవాళ్లు కూడా వచనంలో తమ కాలపు మాటే రాశారని చూపించడం దాని ఉద్దేశం. ఇంకో పని కాస్త గడుసుది. గ్రాంథికమే రాయాలనే పండితుల పుస్తకాలు తీసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లు చేసిన తప్పులు ఏరి చూపించారు. పండితులకే కుదరనిది పదిహేనేళ్ల కుర్రాడికి ఎలా కుదురుతుంది? ఈ వాదనకు ఎదుటివాళ్ల దగ్గర గట్టి జవాబు లేకపోయింది.

ఎదుటివాళ్లను తేలిగ్గా తీసెయ్యకూడదు. జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయ శాస్త్రి, విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు లాంటి పెద్దలు అటువైపు ఉన్నారు. వాడుక భాష అంటే ఏ జిల్లా వాడుక, ఎవరి వాడుక అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. గిడుగు జవాబు, నోటికొచ్చినదల్లా రాయమని కాదు. చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడేటప్పుడు వాడే, అన్ని జిల్లాలవాళ్లకూ అర్థమయ్యే తెలుగు. దాన్నే శిష్ట వ్యావహారికం అన్నారు. వాట్సాప్ మెసేజ్ భాషలో రిపోర్టు రాసి వాడుక భాషే కదా అనేవాళ్లకు ఆయన దగ్గర కూడా మార్కులు పడవు.

1912-13లో ఒక గెలుపు వచ్చింది. స్కూలు ఫైనల్లో వ్యాసం పేపరు కావ్యభాషలో అయినా, ఆధునిక తెలుగులో అయినా రాయొచ్చని బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. ఆధునిక తెలుగుకు నమూనాగా చూపించిన వాటిలో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ ఉంది. 1830-31లో కాశీకి వెళ్లివచ్చిన ఒక కోర్టు ఉద్యోగి, దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసిన పుస్తకం. పరీక్ష రాసే కుర్రాడికి ఇంతకన్నా మంచి నమూనా నాకైతే తోచదు.

ఆ గెలుపు నిలవలేదు. పండితుల నుంచి ఒత్తిడి పెరిగింది. మద్రాసు యూనివర్సిటీ కమిటీలో మెజారిటీ గ్రాంథికం వైపే ఉంది. గురజాడ 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసిచ్చారు, లాభం లేకపోయింది. స్కూళ్లకు ఇచ్చిన అనుమతి కూడా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1915 నవంబరులో గురజాడ పోయారు. యాభై దాటిన గిడుగు, అప్పటికే ఉద్యోగం నుంచి రిటైరై, చిన్ననాటి స్నేహితుడు లేకుండా మిగిలారు.

ఆగలేదు. 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు, ఏడాదే నడిచింది. అదే ఏడాది రాజమండ్రిలో వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షులయ్యారు. జీవితమంతా గ్రాంథికంలో రాసిన మనిషి చివర్లో ఇటు రావడం చిన్న సంగతి కాదు. కానీ కొద్ది నెలలకే ఆయనా కన్నుమూశారు. ఊరూరా సభలు, చేతి కింద పుస్తకాల కట్టలు, పేజీ తీసి చూపించి వాదించడం. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద నిషేధం ఎత్తేసింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లింది. యాభై ఏళ్లు పైగా బతికిన ఊరు వదిలి, డెబ్బై దాటిన వయసులో రాజమండ్రికి మారారు. మరోపక్క సవర-ఇంగ్లీషు నిఘంటువు పని పూర్తిచేశారు. ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికను వాడుక తెలుగులో నడిపి చూపించారు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర ఆఫీసులో పత్రికా సంపాదకులను కలిసి, వాడుక తెలుగులో రాయమని చివరిసారి అడిగారు. వారం తర్వాత, 22న, పోయారు. స్కూలు పుస్తకాలు ఆ తెలుగులోకి మారడానికి ఆ తర్వాత ఇంకా దశాబ్దాలు పట్టింది.