వయస్సును లెక్కచేయని బ్యాటు: కర్నల్ సి.కె. నాయుడు

గోల్ఫ్ ఆటలో ఒక మంచి ఏర్పాటు ఉంది. యాభై ఏళ్ళు నిండిన వృత్తి ఆటగాళ్ళకు విడిగా టోర్నమెంట్లు జరుగుతాయి. 1978లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో కొందరు పాత యోధులను పిలిచి ఒక పోటీ పెడితే జనం విరగబడి చూశారు. ఆ ఊపుతోనే 1980లో సీనియర్ల టూరు మొదలైంది. అక్కడ యాభై దాటినవాడు యాభై దాటినవాడితోనే తలపడతాడు. వయస్సు మళ్ళినా ఆట మళ్ళనివారికి అదొక గౌరవప్రదమైన చోటు. మన గోల్కొండ కోట పక్కన గోల్ఫ్ ఆడే పెద్దలకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

క్రికెట్‌లో రంజీ ట్రోఫీ వంటి పోటీల్లో ఇలాంటి సౌకర్యం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు వేసే బంతి ఎదురుగా ఉన్నవాడి తల నెరిసిందా లేదా అని చూసి రాదు. అయినా యాభై దాటాక, అరవై దాటాక కూడా కుర్రవాళ్ళ మధ్యనే నిలబడి, వాళ్ళ బంతులనే ఎదుర్కొని పరుగులు తీసిన మనిషి ఒకరున్నారు. ఆయన మన తెలుగువాడు కావడం మనకు గర్వకారణం. ఆయనే కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడు. దేశమంతా ముద్దుగా పిలిచింది సి.కె. అని. భారత క్రికెట్ జట్టు మొట్టమొదటి టెస్టు కెప్టెన్‌గా ఆయన పేరు క్విజ్ పోటీలకు తయారయ్యే ప్రతి విద్యార్థికీ తెలుసు. కానీ ఆయన జీవితంలో అసలు విశేషం ఆ ఒక్క రోజు కెప్టెన్సీ కాదు, ఆ తర్వాత గడిచిన ముప్ఫై ఏళ్ళు.

నాయుడుగారు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో జన్మించారు. తెలుగు నేల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కలిగిన కుటుంబం వారిది. తాతగారు పేరున్న వకీలు, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు. ఇంట్లో చదువుకూ ఆటకూ వైరం లేదన్నమాట! తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా తర్వాతి కాలంలో టెస్టు ఆటగాడయ్యాడు.

ఆ రోజుల్లో బొంబాయిలో మతాలవారీగా జట్లు కట్టి పోటీలు ఆడేవారు. 1916లో హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద సి.కె. మొదటిసారి పెద్ద మ్యాచ్ ఆడారు. జట్టు ఏడు వికెట్లు పోగొట్టుకున్నాక బ్యాటింగుకు దిగి, మూడు బంతులు అడ్డుకుని, నాలుగో బంతిని సిక్సరు బాదారని చెప్పుకుంటారు. ఆయన ఆట తీరు ఎలాంటిదో ఆ నాలుగు బంతుల్లోనే ఉంది. ముందు చూడడం, తర్వాత బాదడం.

1923లో హోల్కర్ మహారాజు ఆయనను ఇండోర్‌కు పిలిపించి తన సైన్యంలో కొలువిచ్చారు. ఈనాటి ఆటగాళ్ళకు కాంట్రాక్టులు, వేలం పాటలు ఉన్నాయి. ఆనాడు ఆటగాడికి అన్నం పెట్టేది సంస్థానమే. పేరు ముందు కర్నల్ అనే మాట ఆ కొలువు వల్ల వచ్చిందే. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనకు తన పేరు ఇచ్చి, వ్యాపార ప్రకటనలో కనిపించిన తొలి భారత క్రికెటర్ కూడా ఆయనే అయ్యారు.

ఆయన పేరు ఇంటింటా మోగింది మాత్రం 1926 డిసెంబర్‌లో. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో సి.కె. రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే పదకొండు! వచ్చినవాళ్ళు ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. తెల్లవాళ్ళకు దీటుగా మనవాళ్ళు ఆడగలరన్న నమ్మకం ఆ ఇన్నింగ్స్‌తో బలపడిందని, భారతదేశానికి టెస్టు హోదా రావడానికి అది దోహదం చేసిందని చరిత్రకారులు అంటారు.

ఆ హోదా వచ్చేసరికి ఏమైంది? సి.కె.కు ముప్ఫై ఆరేళ్ళు నిండిపోయాయి. ఇది గమనించాల్సిన విషయం. ఇప్పుడైతే ఆ వయస్సులో ఆటగాళ్ళు వీడ్కోలు చెప్పి కామెంటరీ బాక్సులో కూర్చుంటారు. ఆయనకు టెస్టు జీవితం మొదలైంది అప్పుడే.

1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డి రాజకుమారుడు. ఆట కన్నా వంశం ముఖ్యమైన కాలమది. అయితే పోర్‌బందర్ మహారాజు తన ఆట ఎంతటిదో తనకు తెలిసిన పెద్దమనిషి. ఆయన తప్పుకున్నారు, లింబ్డికి దెబ్బ తగిలింది. అలా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టుకు సి.కె. నాయకుడయ్యారు. ఆయన కింద ఆడమని కొందరు ఆటగాళ్ళు ముందు రోజు రాత్రి మొరాయించారని కూడా చెబుతారు. తెల్లవారాక మన బౌలర్లు 19 పరుగులకే ఇంగ్లండు మూడు వికెట్లు కూల్చారు. చివరికి 158 పరుగుల తేడాతో ఓడినా మనవాళ్ళు తలదించుకోవలసిన ఓటమి కాదది. చేతికి దెబ్బ తగిలి కూడా సి.కె. మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. ఆ పర్యటన మొత్తంలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1618 పరుగులు, 65 వికెట్లు సంపాదించారు. 1933లో విస్డెన్ పుస్తకం ఆయనను ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఎన్నుకుంది.

1933-34లో జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే కెప్టెన్. బొంబాయిలో లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి దేశానికి తొలి టెస్టు సెంచరీ తెచ్చినప్పుడు అవతలి కొసన 67 పరుగులతో అండగా నిలిచింది సి.కె.

ఇక 1936. ఈసారి కెప్టెన్ విజ్జీ, అంటే మన విజయనగరం మహారాజకుమారుడు. తెలుగువాడి స్థానంలో మరో తెలుగువాడే వచ్చాడు కదా అని సంతోషించే పరిస్థితి లేదు. ఆటలో ఇద్దరికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. జట్టు రెండు ముక్కలైంది. అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలోనే ఇంటికి పంపేశారు. అంత చిచ్చులోనూ సి.కె. తన ఆట తాను ఆడారు. ఓవల్‌లో ఆయన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో అలెన్ వేసిన బంతి గుండె కింద బలంగా తగిలింది. తూలిపోయి కూడా క్రీజు వదలక 81 పరుగులు చేశారు. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. లెక్కల్లో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నిండు యవ్వనంలో ఆడడానికి దేశానికి టెస్టులే లేవు మరి!

అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. పేరు వచ్చింది, కొలువు ఉంది, అవమానాలూ చూశారు. గౌరవంగా ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ సి.కె. ఇండోర్‌కు తిరిగివెళ్ళి కొత్త పని మొదలుపెట్టారు. బాల్యంలోనే ఆయన కంటపడి ఎదిగిన ముస్తాక్ అలీ, తమ్ముడు సి.ఎస్., సర్వతే, నింబాల్కర్ వంటివారితో హోల్కర్ జట్టు దేశంలోకెల్లా భయపెట్టే జట్టుగా తయారైంది. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాల్లో నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. క్రమశిక్షణ విషయంలో ఆయన మహా కటువు. బంతి తగిలితే తడుముకోవడం కూడా ఆయనకు నచ్చేది కాదంటారు. ఆ కటుత్వం వల్ల ఆయనంటే గిట్టనివారు కూడా లేకపోలేదు.

ఇంతకీ ఆ నియమాలు తనకు మినహాయించుకున్నారా? లేదు. 1945-46 ఫైనల్లో బరోడా మీద స్వయంగా 200 పరుగులు చేశారు. అప్పుడాయన వయస్సు యాభై. గోల్ఫ్ ఆటగాడు సీనియర్ల టూరులో పేరు నమోదు చేయించుకునే ఏడాది అన్నమాట! 1951-52లో బొంబాయి జట్టుతో ఆడుతుండగా దత్తు ఫడ్కర్ వేసిన బౌన్సరు మూతికి తగిలి పళ్ళు ఊడిపోయాయట. యాభై ఆరేళ్ళ మనిషి ఆ పళ్ళను పిచ్ మీద నుంచి పక్కకు నెట్టి, వైద్యం వద్దని, బౌలింగు వేయమని సైగ చేశారని ఈనాటికీ కథలుగా చెప్పుకుంటారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజనులోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. అనుభవం లేని ఆ జట్టుకు నాయకత్వం వహించింది యాభై ఎనిమిదేళ్ళ సి.కె. నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో పెరిగిన కీర్తిని తన భాషవాళ్ళ పిల్ల జట్టుకు అరువిచ్చారు. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది.

ఆ తర్వాతి ఘట్టం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు కెప్టెన్‌గా రమ్మని ఆయనకు పిలుపు వచ్చింది. పిలిచింది మరెవరో కాదు, ఇరవై ఏళ్ళ కిందటి ఆ విజ్జీయే! సి.కె. వెళ్ళారు. పాత పగలు ముందు పెట్టుకుని కూర్చోలేదు. అరవై ఒకటో ఏట, వినూ మన్కడ్ ఉన్న రాజస్థాన్ జట్టు మీద 84 పరుగులు చేశారు.

ఇక్కడ ఒక ప్రశ్న రావడం సహజం. ముసలివాళ్ళు చోటు వదలకపోతే కుర్రవాళ్ళ గతేమిటి? ఇది న్యాయమైన ప్రశ్నే. ఆఫీసుల్లో, పార్టీల్లో, ఆఖరికి మన యూనియన్లలో కూడా కుర్చీ పట్టుకుని వేలాడే పెద్దలను రోజూ చూస్తూనే ఉన్నాం. సి.కె. సంగతి వేరు. ఆయన పట్టుకున్నది కుర్చీని కాదు, బ్యాటును. బ్యాటు దగ్గర సిఫారసు చెల్లదు. పరుగులు రాని రోజున స్కోరు బోర్డే ఇంటికి పంపుతుంది. ఆయన వెళ్ళిన జట్లు కూడా చేయి పట్టి నడిపించేవాడు కావాలని పిలిచినవే.

ఇంగ్లండులో డబ్ల్యు.జి. గ్రేస్ 1908లో, యాభై తొమ్మిదేళ్ళ వయస్సులో ఫస్ట్ క్లాస్ ఆటకు స్వస్తి చెప్పారు. విల్‌ఫ్రెడ్ రోడ్స్ 1930లో యాభై రెండేళ్ళకు ఆఖరి టెస్టు ఆడారు. మన సి.కె. 1963లో ఒక సహాయ నిధి మ్యాచ్‌లో చివరిసారిగా మైదానంలోకి దిగేసరికి అరవై ఎనిమిదేళ్ళు. 1916 నుంచి లెక్కిస్తే 47 ఏళ్ళ ఆట! 207 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన కుమార్తె చంద్రా నాయుడు ఇంగ్లీషు అధ్యాపకురాలిగా, మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు.

క్రికెట్ బోర్డు 1994 నుంచి ఇస్తున్న జీవన సాఫల్య పురస్కారానికి ఆయన పేరే పెట్టారు. దాన్ని మొదట అందుకున్నది లాలా అమర్‌నాథ్. ఇరవై మూడేళ్ళ లోపు కుర్రవాళ్ళ టోర్నమెంటుకు కూడా ఆయన పేరే ఉంది. అరవై ఎనిమిదేళ్ళ దాకా ఆడినవాడి పేరు కుర్రవాళ్ళ ట్రోఫీకి పెట్టడం చూసి కొందరు నవ్వుకోవచ్చు. నిజానికి అంతకన్నా తగిన పేరు దొరకదు.

మిత్రులారా! ఆదివారం పొద్దున బడంగ్‌పేట, కర్మన్‌ఘాట్ వైపు మిగిలిన ఖాళీ జాగాల్లో టెన్నిస్ బంతితో ఆడే మన జట్లను చూడండి. ముప్ఫై దాటినవాడు బ్యాటు పట్టుకుంటే, అంకుల్, మీరు అంపైరింగు చేయండి అని పక్కన నిలబెడతారు. ఆయనా సంతోషంగా ఒప్పుకుంటాడు. చదువులోనూ ఇంతే. ఒక పరీక్ష తప్పితే, ఒక ఏడు వెనకబడితే వయస్సైపోయిందని దిగులుపడే స్నేహితులు మన మధ్య ఉన్నారు. ముప్ఫై ఆరేళ్ళకు మొదటి టెస్టు ఆడి, యాభై ఏళ్ళకు డబుల్ సెంచరీ కొట్టిన తెలుగువాడి కథ వాళ్ళ చెవిన వేయండి. ఆ అంకుల్‌కు కూడా ఒక్క ఓవరైనా బ్యాటింగు ఇవ్వండి.