మహావీరాచార్యుడు

భారతదేశమున గణితము చిరకాలము జ్యోతిషమునకు పరిచారికగా మెలగినది. ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు అంతటివారును గ్రహగతులను చెప్పు గ్రంథములలో కొన్ని అధ్యాయములను మాత్రమే లెక్కలకు కేటాయించిరి. లెక్కలను లెక్కల కొరకే చెప్పుచు పూర్ణగ్రంథము రచించినవారిలో అగ్రగణ్యుడు మహావీరాచార్యుడు.

ఆయన వంశము, జన్మస్థలము చరిత్రకు దక్కలేదు. ఆయన జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమువాడు. 814 ప్రాంతమున బాల్యముననే సింహాసనమెక్కి అరువదేండ్లకు పైగా ఏలిన ఆ రాజును గ్రంథారంభమున ప్రశంసించుటచేత, ‘గణిత సార సంగ్రహము’ 850 ప్రాంతమున వెలసినదని పండితులు నిర్ణయించిరి.

తొమ్మిది అధికారములు గల ఈ గ్రంథమున తేనెటీగలు, ఏనుగులు, వర్తకులు, అందరును లెక్కలలోనికి వత్తురు. మిశ్రక వ్యవహారమున పండ్ల లెక్క యొకటి కలదు. తొమ్మిది మాదీఫలములు, ఏడు వెలగపండ్లు కలిసి వెల 107. ఏడు మాదీఫలములు, తొమ్మిది వెలగపండ్లు అయినచో 101. ఒక్కొక్కదాని వెల యెంత?

ఆచార్యుడు చెప్పిన ఉపాయ మిది. పెద్ద వెలను పెద్ద సంఖ్యచేతను, చిన్న వెలను చిన్న సంఖ్యచేతను గుణింపవలెను. 963లో 707 పోగా 256. పండ్ల సంఖ్యల వర్గములైన 81, 49ల భేదము 32. దానిచే భాగింపగా మాదీఫలము వెల 8. తొమ్మిదింటికి 72 పోగా, 107లో మిగిలిన 35 ఏడు వెలగపండ్ల వెల, ఒక్కొక్కటి 5. ఎక్స్, వై అను అక్షరములు లేకున్నను, నేటి తరగతిలో ఒక అవ్యక్తమును తొలగించుటకు చేయు పని ఇదియే. అయితే రెండు సంఖ్యలు ఇట్లు తారుమారైనప్పుడే ఈ సూత్రము చెల్లును. ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పనిచో పిల్లలు దానిని అన్నిటికిని వాడి చిక్కుపడుదురు.

ఋణసంఖ్యకు వర్గమూలము లేదని స్పష్టముగా గుర్తించిన ఈ మేధావియే, సున్నతో భాగించినను సంఖ్య మారదని పొరబడెను.

తెలుగువారికి ఆయనతో గల బంధము ప్రత్యేకమైనది. 11వ శతాబ్దమున పావులూరి మల్లన ఈ గ్రంథమును పద్యములలో తెలిగించెను. శైవుడగుటచే జైనుల ప్రస్తావన లున్నచోట శివుని నిలిపెనే గాని గణితమును విడువలేదు. శాస్త్రగ్రంథము తెలుగున వెలయుట ఆ కాలమున సామాన్యవిషయము కాదు. సంస్కృతమూలము మాత్రము చాలకాలము తాళపత్రములలోనే ఉండెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదముతో సిద్ధపరుపగా, 1912లో మద్రాసు ప్రభుత్వము దానిని అచ్చువేయించినది.